గోల్డ్‌ఫిష్ రోజంతా పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి, ఏం చేయాలి?

బ్రాడీపేట నాన్న (గుంటూరు):
అందరికీ నమస్కారం. మా పాప పుట్టినరోజుకు బంధువులు అక్వేరియం కానుకగా ఇచ్చారు. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అందులో రెండు ఒరాండాలు, ఒక బ్లాక్ మూర్ (ఇవి రెండూ గోల్డ్‌ఫిష్‌లో పొట్టి రకాలు), ఒక మామూలు ఎర్ర గోల్డ్‌ఫిష్, అద్దం శుభ్రం చేస్తుందని ఇచ్చిన సక్కర్ చేప ఒకటి. గాలి మోటారు ఉంది, ఫిల్టరు లేదు. షాపులో చెప్పిన ప్రకారం ప్రతి ఆదివారం నీళ్ళన్నీ తోడేసి, గులకరాళ్ళు కుళాయి కింద తోమి కడిగి, మళ్ళీ మునిసిపల్ నీళ్ళు నింపి, నీలం మందు నాలుగు చుక్కలు వేస్తున్నాం. బుధవారానికల్లా నీళ్ళు మసకబారుతున్నాయి. చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. బ్లాక్ మూర్ మూలన చేరి రెక్కలు ముడుచుకుని ఉంటోంది, మేత కూడా పట్టించుకోవడం లేదు. పాప బడి నుంచి రాగానే బ్యాగు పక్కన పడేసి ముందు దాని దగ్గరికే పరుగెత్తుతోంది. అది పోకుండా చూడాలి. తెలిసినవారు దయచేసి చెప్పండి.

పటమటలంక (విజయవాడ):
ముందు ఈ పూట చేయాల్సింది చెబుతాను, కారణాలు తర్వాత మాట్లాడుకుందాం. సగం నీళ్ళు మార్చండి, మొత్తం వద్దు. కొత్త నీళ్ళలో క్లోరిన్ లేకుండా చూసుకోండి. అక్వేరియం షాపుల్లో యాంటీ క్లోరిన్ అని చిన్న సీసాల్లో దొరుకుతుంది, సీసా మీద రాసిన మోతాదు వేస్తే నిమిషాల్లో క్లోరిన్ పోతుంది. కొత్త నీళ్ళు, పాత నీళ్ళు చేతికి ఒకే వేడిగా తగలాలి. రెండు రోజులు మేత వేయకండి. ఆరోగ్యంగా ఉన్న గోల్డ్‌ఫిష్ వారం రోజులు తిండి లేకపోయినా తట్టుకుంటుంది, పాపకు ఆ మాట చెప్పి ధైర్యం ఇవ్వండి. నీలం మందు ఇక వద్దు. గాలి మోటారు ఇరవై నాలుగు గంటలూ నడవాలి. రాత్రి చప్పుడు చేస్తుందని ఆపుతున్నారా?

కైకలూరు గట్టు (విజయవాడ):
నేను చాలా ఏళ్ళు కైకలూరు వైపు చేపల చెరువుల మీద పనిచేసినవాణ్ణి. గోల్డ్‌ఫిష్ కూడా మన బొచ్చె, శీలావతి కుటుంబానిదే. నాదొక ప్రశ్న. చేపలు తెల్లవారుజామున మాత్రమే పైకి వస్తున్నాయా, మధ్యాహ్నం కూడా వస్తున్నాయా? చెరువులో తెల్లవారుజామున మాత్రమే తేలితే ఆక్సిజన్ తక్కువని లెక్క, ఎండెక్కాక సర్దుకుంటాయి. రోజంతా తేలుతూనే ఉంటే మొప్పలు దెబ్బతిన్నట్టు. అప్పుడు ఎంత గాలి కొట్టినా లాభం ఉండదు, నీళ్ళలో ఏదో విషం చేరిందని చూసుకోవాలి.

బ్రాడీపేట నాన్న:
రాత్రి మోటారు ఆపడం లేదు. రోజంతా పైనే ఉంటున్నాయండీ. ఆదివారం సాయంత్రం కాస్త బాగుంటాయి, మంగళవారం నుంచి మొదలవుతుంది, శనివారానికి మరీ ఎక్కువవుతుంది.

రసాయన పాఠం (గుంటూరు):
మీరు చెప్పిన ఆ వారపు వరుసలోనే జవాబు ఉంది. ఇది అమ్మోనియా.

చేప తిన్న మేతలోని మాంసకృత్తులు జీర్ణమయ్యాక మిగిలే నత్రజని చాలావరకు అమ్మోనియాగా మొప్పల నుంచే నీళ్ళలోకి వస్తుంది. రెట్ట, తినకుండా మిగిలిన మేత కుళ్ళి దానికి తోడవుతాయి. నదిలో, చెరువులో అయితే కొన్ని బ్యాక్టీరియాలు ఈ అమ్మోనియాను నైట్రైట్‌గా, మరికొన్ని ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషం. మూడోది కొద్ది మోతాదులో చేపకు పెద్దగా హాని చేయదు, వారానికోసారి కొంత నీరు మారిస్తే తగ్గిపోతుంది. ఈ బ్యాక్టీరియాలు నీళ్ళలో తేలుతూ ఉండేది తక్కువ. గులకరాళ్ళ మీద, అద్దం మీద, ముఖ్యంగా ఫిల్టరులోని స్పాంజి మీద జిగురు పొరగా అంటుకుని బతుకుతాయి. కొత్త తొట్టెలో అవి సరిపడా పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఇప్పుడు మీ ఆదివారాలను చూడండి. అప్పుడప్పుడే రాళ్ళ మీద పొర కట్టడం మొదలవుతుంది, మీరు కుళాయి నీళ్ళతో తోమేస్తారు. క్లోరిన్ ఉన్నదే బ్యాక్టీరియాను చంపడానికి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఇంటి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మన ప్రాణాలు కాపాడే ఆ మోతాదు చేప మొప్పలకు, ఈ మంచి బ్యాక్టీరియాకు ఎక్కువే. పైగా నీలం మందు, అంటే మిథిలీన్ బ్లూ, ఈ బ్యాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది. అంటే ప్రతి సోమవారం మీ తొట్టె మళ్ళీ కొత్త తొట్టె అవుతోంది. మసక కూడా అందుకే. మిగిలిన వ్యర్థాన్ని తిని విపరీతంగా పెరిగే వేరే రకం బ్యాక్టీరియా వల్ల కొత్త తొట్టెలు అలా తెల్లబడతాయి.

మన ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. నీళ్ళలో ఉన్న అమ్మోనియా అంతా ఒకే రకం కాదు. కొంత భాగం మొప్పల్లోంచి లోపలికి చొరబడే వాయురూపం, మిగతాది అంత ప్రమాదం లేని అయాను రూపం. నీళ్ళ ఆమ్ల, క్షార గుణాన్ని చూపే పీహెచ్ అనే అంకె 7 నుంచి 8కి పెరిగితే ఆ వాయురూపం వాటా సుమారు పది రెట్లవుతుంది. నీళ్ళ వేడి పెరిగినా పెరుగుతుంది. మనవి ఖనిజాలు, పీహెచ్ ఎక్కువుండే గట్టి నీళ్ళు, పైగా వేసవి. కాబట్టి ఎక్కడో చల్లని దేశంలో రాసిన పట్టిక చూసి ‘అమ్మోనియా ఒక పాయింటే కదా’ అని ఊరుకోకండి. అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ మూడూ చూసే చుక్కల మందు కిట్టు కొనండి. కొత్త చేప కొనే డబ్బు ముందు దాని మీద పెట్టండి.

సత్యనారాయణపురం (విజయవాడ):
ఇంత చదువు అవసరమా? గుప్పెడు రాళ్ళ ఉప్పు వేస్తే అన్నీ సర్దుకుంటాయి, మా ఇంట్లో ఎప్పుడూ అదే చేస్తాం. అయినా గోల్డ్‌ఫిష్ ఆరు నెలలకు మించి బతకదు. పోతే మరో జత తెచ్చుకోవడమే.

పటమటలంక:
అమ్మా, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ రెండో మాట నేను ఒప్పుకోలేను. సరైన నీళ్ళలో గోల్డ్‌ఫిష్ పదేళ్ళు సులభంగా బతుకుతుంది, ఇరవై కూడా దాటవచ్చు. ఇంగ్లండులో 1956లో ఒక సంతలో బహుమతిగా వచ్చిన టిష్ అనే గోల్డ్‌ఫిష్ 1999 దాకా, 43 ఏళ్ళు బతికి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఆరు నెలలు అన్నది చేప ఆయుష్షు కాదు, గాజు గిన్నె ఆయుష్షు. పోతే మరోటి తెచ్చుకోవచ్చన్న ఆలోచన వల్లే మన ఊళ్ళలో ఇన్ని చేపలు చస్తున్నాయి.

ఇక తొట్టె సంగతి. అడుగున్నర తొట్టెలో అంచుదాకా పోసినా నీళ్ళు 42 లీటర్లు, నిజంగా ఉండేవి 38 దాకా. ఒరాండా, బ్లాక్ మూర్ లాంటి పొట్టి రకం ఒక్కదానికే 75 లీటర్లు కావాలంటారు, ఆపైన ప్రతి చేపకూ మరో 40. మామూలు ఎర్ర చేప, కామెట్ ఒక అడుగు దాకా పెరిగే పొడుగు రకాలు, వాటికి నీళ్ళ కుండీయో చిన్న చెరువో ఉండాలి. పైగా పొడుగు రకాలు చురుకుగా ఈది మేతంతా ముందే తినేస్తాయి. ఒరాండాకు తల మీద కండ అడ్డు, బ్లాక్ మూర్‌కు చూపు తక్కువ, అవి వచ్చేసరికి ఏమీ మిగలదు. మీ మూర్ మూలన చేరడానికి అది కూడా ఒక కారణం కావచ్చు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టె అయితే 190 లీటర్ల దాకా పడుతుంది. మొదటి నుంచీ అది కొనమని చెప్పే షాపువారు తక్కువ.

సక్కర్ చేపను వెంటనే వేరు చేయండి. చిన్నప్పుడు అద్దం మీద పాచి తింటుంది. పెరిగాక రాత్రిపూట గోల్డ్‌ఫిష్ ఒంటికి అతుక్కుని జిగురు పొర చీకుతుంది, ఆ చోట పుండు పడుతుంది. అది కూడా అడుగు దాటి పెరిగేదే, రెట్ట కూడా చాలా వేస్తుంది. శుభ్రం చేసేదని అమ్మడం మాత్రం మానరు.

కైకలూరు గట్టు:
ఉప్పు గురించి ఒక మాట. సత్యనారాయణపురం వారు చెప్పినదాంట్లో పూర్తిగా పస లేకపోలేదు, కానీ గుప్పెడు లెక్క కాదు, తూకం లెక్క. ఉప్పు అమ్మోనియాను తీసేయదు. నైట్రైట్ పెరిగినప్పుడు మాత్రం నిజంగా కాపాడుతుంది. నైట్రైట్ రక్తంలోకి వెళితే రక్తం గోధుమ రంగుకు తిరిగి ఆక్సిజన్ మోయలేదు, చెరువుల్లో మేం మొప్పలు ఎత్తి రంగు చూసేది అందుకే. ఉప్పులోని క్లోరైడు నైట్రైట్‌ను మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. లీటరుకు ఒక గ్రాము చాలు. మీ తొట్టెకు 38 గ్రాములు, వేరే పాత్రలో కరిగించి రెండు మూడు విడతలుగా పోయాలి. నీళ్ళు ఆవిరైనా ఉప్పు అక్కడే ఉంటుంది, కాబట్టి తగ్గిన మట్టం మంచినీళ్ళతో నింపినప్పుడు మళ్ళీ ఉప్పు వేయకూడదు.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. చెరువుల్లో అమ్మోనియాకు జియోలైట్ అనే ఖనిజం చల్లుతాం, అక్వేరియం షాపుల్లో కూడా గుడ్డ సంచుల్లో దొరుకుతుంది. మంచినీళ్ళలో అమ్మోనియాను పట్టి ఉంచుతుంది. కానీ అదే నీళ్ళలో ఉప్పు వేస్తే పట్టినదంతా వదిలేస్తుంది. ఒక చేత్తో జియోలైట్, మరో చేత్తో ఉప్పు వేస్తే ఒక్క రాత్రిలో చేపలు పోతాయి. రెండింటిలో ఒకటే.

సత్యనారాయణపురం:
జియోలైట్ సంగతి నాకు తెలియదు, మంచి విషయం చెప్పారు. ఉప్పు తూచి వేయాలన్నది కూడా ఒప్పుకుంటాను. అయితే తెల్ల మచ్చలు వచ్చినప్పుడు మేం వేసిన ఉప్పు బాగా పనిచేసింది, అది నా కళ్ళతో చూశాను.

కైకలూరు గట్టు:
పనిచేస్తుందమ్మా. తెల్ల మచ్చ పురుగు చేప చర్మం లోపల ఉన్నప్పుడు ఉప్పు తాకదు. అది రాలి, అడుగున చీలి, పిల్లలు నీళ్ళలో ఈదుతూ కొత్త చేపను వెతికేటప్పుడే చస్తుంది. అందుకే లీటరుకు మూడు గ్రాముల దాకా మెల్లగా పెంచి, మచ్చలు కనిపించకుండా పోయాక కూడా మరో వారం అలాగే ఉంచాలి. సక్కర్ చేప, మొక్కలు ఉంటే ఆ మోతాదు వద్దు.

అరండల్‌పేట (గుంటూరు):
ఎండల గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను. గోల్డ్‌ఫిష్ చల్లని నీళ్ళ చేప. 18 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. మే నెలలో మన ఇళ్ళలో తొట్టె నీళ్ళే 32, 33కి పోతాయి. 20 డిగ్రీల నీళ్ళు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే 30 డిగ్రీల నీళ్ళు ఏడున్నరే పట్టుకుంటాయి. చేపకు మాత్రం వేడికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది.

నేను చేసేది ఇది. మూత తీసేసి దోమతెర గుడ్డ కప్పి, టేబుల్ ఫ్యాను నీళ్ళ మీదుగా వాలుగా పెడతాను. రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి, ఉక్కపోత రోజుల్లో అంత తగ్గవు. నీళ్ళు త్వరగా ఆవిరవుతాయి కాబట్టి రోజూ మట్టం చూసుకోవాలి. మార్చాల్సిన నీళ్ళు ముందురోజు రాత్రి పెద్ద మట్టికుండల్లో పట్టి ఉంచుతాను. పొద్దునకు చల్లబడతాయి, అయినా యాంటీ క్లోరిన్ వేశాకే పోస్తాను. మిద్దె మీది ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నం పట్టి పోయడమంటే వేడి నీళ్ళు పోయడమే. ఐసు గడ్డలు నేరుగా వేయకండి, ఒక్కసారిగా చల్లబడితే చేప తట్టుకోలేదు. తప్పనిసరైతే గడ్డకట్టిన నీళ్ళ సీసా మూత బిగించి తేలేయండి.

ఆర్‌వో నీళ్ళు చల్లగా, శుభ్రంగా ఉన్నాయని పూర్తిగా వాటితో నింపేవాళ్ళు ఉన్నారు. రసాయన పాఠం గారు, అది సరైనదేనా?

రసాయన పాఠం:
కాదు. ఆర్‌వోలో ఖనిజాలు దాదాపు ఉండవు. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే క్రమంలో ఆమ్లం పుడుతుంది, దాన్ని తట్టుకునే కార్బొనేట్లు లేకపోతే పీహెచ్ హఠాత్తుగా పడిపోతుంది. గోల్డ్‌ఫిష్‌కు కాస్త గట్టి నీళ్ళే మేలు. మన కృష్ణా నీళ్ళు క్లోరిన్ తీసేస్తే చక్కగా సరిపోతాయి. బోరు నీళ్ళయితే ముందు పరీక్షించి చూడండి.

సింగ్‌నగర్ (విజయవాడ):
2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా వీధంతా నీళ్ళలో మునిగి కరెంటు లేకుండా పోయింది. మేం పై అంతస్తులో ఉన్నాం. మోటారు ఆగాక చేపలు పైకి రావడం మొదలైంది. ఇంట్లో ఉన్నవాళ్ళం వంతులవారీగా చెంబుతో తొట్టె నీళ్ళే తీసి జానెడు ఎత్తు నుంచి మళ్ళీ తొట్టెలో పోస్తూ కూర్చున్నాం. నీటి పైభాగం కదిలితేనే ఆక్సిజన్ కలుస్తుంది, బుడగలు చేసే మేలు కూడా చాలావరకు అదే. మేత పూర్తిగా ఆపేశాం. చేపలు దక్కాయి. ఇప్పుడు బ్యాటరీతో నడిచే చిన్న గాలి మోటారు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతాను. కరెంటు కోతలు ఉన్న ప్రతి ఇంట్లో అది ఉండాలి. పెట్టెలా మూసి ఉండే ఫిల్టరు వాడేవాళ్ళు మరో సంగతి గుర్తుంచుకోండి. చాలా గంటలు ఆగిపోతే లోపలి నీళ్ళు కుళ్ళుతాయి, కరెంటు రాగానే ఆ నీళ్ళు తొట్టెలోకి వదలకుండా పారబోసి, స్పాంజి కడిగి పెట్టాలి.

బ్రాడీపేట నాన్న:
అందరికీ కృతజ్ఞతలు. కిట్టు తెచ్చి చూశాం. అమ్మోనియా 2, నైట్రైట్ 0, పీహెచ్ 8. పాపే చుక్కలు లెక్కపెట్టి వేసింది. సగం నీళ్ళు మార్చాక చేపలు కొంచెం కిందికి దిగాయి. స్పాంజి ఫిల్టరు కొన్నాను, మూడడుగుల తొట్టెకు కూడా చెప్పాను. కానీ ఆరు వారాలు ఆగాలంటే మూర్ తట్టుకుంటుందా? ఇంకో ప్రశ్న. సక్కర్ చేపను, ఎర్ర చేపను కాలువలో వదిలేయమని పక్కింటివారు అంటున్నారు. కాలువలో అయితే హాయిగా బతుకుతాయి కదా?

కైకలూరు గట్టు:
దయచేసి ఆ పని మాత్రం చేయకండి. బందరు కాలువ, ఏలూరు కాలువ, ఏ కాలువైనా సరే. సక్కర్ చేపలు ఇప్పటికే మన నదుల్లో, చెరువుల్లో చేరి వలలు పాడుచేస్తున్నాయి, రైతులు వాటిని దెయ్యం చేప అంటారు. వాటిని మింగబోయిన పక్షులకు కూడా ఆ ముళ్ళు ప్రమాదమే. గోల్డ్‌ఫిష్ అయితే అడుగు మట్టి తవ్వి నీళ్ళు బురద చేస్తుంది, తొట్టెలోని చేప పేను, లంగరు పురుగు లాంటి పరాన్నజీవులను చెరువు చేపలకు అంటిస్తుంది. కాలువ నీళ్ళు చివరికి చేరేది రైతు చెరువులోకే. చేప పేను పట్టిన చెరువు చూసినవాళ్ళకు ఆ బాధ తెలుస్తుంది.

పటమటలంక:
మూర్ గురించి దిగులు వద్దు. ఆరు వారాలు ఆగక్కరలేదు. నా తొట్టెలో ఏళ్ళుగా నడుస్తున్న స్పాంజి ఉంది, వ్యాధులేమీ లేవు. అందులో సగం కోసి ఇస్తాను. మీరు విజయవాడ వచ్చినప్పుడు తీసుకెళ్ళండి. తొట్టె నీళ్ళతోనే తడిపి మూత ఉన్న డబ్బాలో పెడతాను, ఎండలో ఉంచకుండా రెండు మూడు గంటల్లో మీ తొట్టెలో పడితే బ్యాక్టీరియా చావదు. దాన్ని మీ కొత్త స్పాంజికి ఆనించి కట్టండి. అది కుదిరేదాకా రోజూ కిట్టు చూసుకుంటూ అమ్మోనియా కనిపించినప్పుడల్లా మూడో వంతు నీళ్ళు మార్చండి. స్పాంజిని కుళాయి కింద ఎప్పుడూ కడగకండి, తొట్టె నుంచి తీసిన నీళ్ళ బకెట్లోనే పిండాలి.

సత్యనారాయణపురం:
మేత ఎంత వేయాలో కూడా ఈ పిల్లకు చెప్పండి. పిల్లలు ప్రేమకొద్దీ వేస్తూనే ఉంటారు.

పటమటలంక:
అవసరమైన మాట అన్నారు. గోల్డ్‌ఫిష్‌కు పొట్ట అనే అవయవం లేదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. అందుకే ఎప్పుడూ ఆకలిగానే కనిపిస్తుంది. రెండు నిమిషాల్లో తినగలిగినంత, రోజుకు రెండుసార్లు చాలు. మునిగే గుళికలు మంచివి, పొట్టి రకాలు నీటిపైన మేత కోసం గాలి మింగి తలకిందులవుతుంటాయి. వారానికి ఒకటి రెండుసార్లు ఉడికించి తొక్క తీసిన పచ్చి బఠాణీలు, వేడినీళ్ళలో ముంచిన పాలకూర పెట్టండి. బ్లాక్ మూర్‌కు మాత్రం పాప చేత ఎప్పుడూ ఒకే మూలన వేయించండి, ఆ చోటు దానికి అలవాటవుతుంది.

బ్రాడీపేట నాన్న:
కొన్ని వారాల తర్వాత రాస్తున్నాను. స్పాంజి పెట్టాక అమ్మోనియా మెల్లగా సున్నాకు వచ్చింది. మధ్యలో నైట్రైట్ కనిపిస్తే లీటరుకు గ్రాము లెక్కన ఉప్పు వేశాం, సక్కర్‌ను అప్పటికే వేరే టబ్బులో ఉంచాం. ఇప్పుడు రెండూ సున్నా, నైట్రేట్ 20. మూర్ మేతకు వస్తోంది. పైన మనీ ప్లాంటు వేళ్ళు నీళ్ళలోకి దింపాం, నైట్రేట్ కొంత పీల్చుకుంటుందని రసాయన పాఠం గారు విడిగా చెప్పారు. ఎర్ర చేప మొప్పల మూత మీద, ముందు రెక్కల అంచున తెల్ల చుక్కలు వచ్చాయి. తెల్ల మచ్చ వ్యాధేనా? మందు తెచ్చి ఉంచాను, ఇంకా వేయలేదు.

కైకలూరు గట్టు:
వేయకపోవడమే మంచిదయింది. చుక్కలు ఆ రెండు చోట్లే, వరుసగా ఉండి, చేప చురుకుగా తిరుగుతుంటే అది వ్యాధి కాదు, మగచేప ఎదిగిన గుర్తు. వ్యాధి అయితే తోక మీద, ఒళ్ళంతా చల్లినట్టు ఉంటాయి, చేప రాళ్ళకేసి ఒళ్ళు రుద్దుకుంటుంది. మందు సీసా మూత తీయకండి.

సింగ్‌నగర్:
మా అన్నయ్య ఇంటి పెరట్లో సిమెంటు నీళ్ళకుండీ ఉంది, వెయ్యి లీటర్ల పైనే పడుతుంది, పైన వల కూడా ఉంది. ఎర్ర చేపను మేం తీసుకుంటాం. సక్కర్‌కు పటమటలంక గారి పెద్ద తొట్టెలో చోటుంటుందా?

పటమటలంక:
నా ఐదడుగుల తొట్టెలో గోల్డ్‌ఫిష్ లేవు, సక్కర్‌ను అందులో ఉంచుతాను. బ్రాడీపేట నాన్న గారు, పొద్దున్నే మొదటి బస్సుకు బయలుదేరండి, ఎండ పడకముందే వచ్చేస్తారు. ముందురోజు వాటికి మేత వేయకండి. ఒక్కో చేపకు ఒక్కో సంచి, మూడో వంతు నీళ్ళు, మిగతా అంతా గాలి ఉండేలా కట్టండి. సక్కర్ ముళ్ళు సంచిని చీలుస్తాయి, దాన్ని మాత్రం మూతకు చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో తీసుకురండి.